మూడు షిఫ్టుల్లో తిరిగేవాళ్లు టెన్త్, కరెంటు పని కలిపి నేర్చుకోవాలంటే దారేది?

గాజువాక_షిఫ్టు:

కూర్మన్నపాలెం, అగనంపూడి చుట్టుపక్కల ఉండే ఎనిమిది మంది కాంట్రాక్టు పనివాళ్ల కోసం అడుగుతున్నాను. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసినవాళ్లు, వయసు 19 నుంచి 34 దాకా. వారం వారం షిఫ్టు మారుతుంది: ఏ షిఫ్టు పొద్దున 6 నుంచి 2, బీ షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్టు 10 నుంచి పొద్దున 6. బస్సులోనే రోజుకు రెండు గంటలు పోతాయి. టెన్త్ పాసవ్వాలి, దాంతోపాటు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవాలి. ట్యూషన్లన్నీ సాయంత్రం 6 నుంచి 8. బీ షిఫ్టు వారం మొత్తం తప్పిపోతుంది, ఒక వారం తప్పినవాడు మళ్లీ మొహం చూపించడు. మాస్టారు లేకుండా, రోజూ ఒకే టైము లేకుండా చదువు సాగుతుందా? "పట్టుదల ఉండాలి" లాంటివి వద్దండీ. ఏం కొనాలి, ఎంతసేపు, ఏ రోజు అన్నట్టు చెప్పండి.

మద్దిలపాలెం_మాస్టారు:

ముందు కాగితాల సంగతి. రెండు దారులున్నాయి, ఏపీ ఓపెన్ స్కూల్, లేదంటే కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్. రెండింటిలోనూ టెన్త్‌కి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే నమోదు 5 ఏళ్లు చెల్లుతుంది. ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ అంటూ ఏటా రెండుసార్లు పరీక్షలు, మొత్తం 9 అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగిలినవే మళ్లీ రాయాలి. షిఫ్టు పనివాళ్లకు అసలు వెసులుబాటు ఇక్కడే ఉంది. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని కూర్చోవద్దు. మొదటి విడతలో తెలుగు, ఇంకో తేలికైన సబ్జెక్టు. రెండో విడతలో సైన్సు, సోషల్. లెక్కలు ఒక్కటే చివరి విడతకు పెట్టుకుంటే దానికి ఏడాది పైన దొరుకుతుంది. పాస్ మార్కు ఎన్‌ఐఓఎస్‌లో 33, ఏపీ ఓపెన్ స్కూల్‌లో 35. ఎన్‌ఐఓఎస్‌లో ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంది. దాన్ని గాలికి వదిలేసేవాళ్లే ఎక్కువ.

చాలామంది బోల్తా పడేది సబ్జెక్టులు ఎంచుకునే దగ్గర. ఓపెన్ స్కూల్‌లో లెక్కలు, సైన్సు తీసుకోకుండా కూడా టెన్త్ అయిపోతుంది. తేలికని అవి వదిలేస్తారు. తీరా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు వెళ్తే టెన్త్‌లో లెక్కలు, సైన్సు ఉండాలంటారు. ఎనిమిది పాసైనవాళ్లకు వైర్‌మన్ ట్రేడు ఉంది గానీ, ఎలక్ట్రీషియన్ కావాలంటే ఆ రెండూ తప్పవు. ఇంకో మాట, ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు, మామూలుగా పగటి క్లాసులు. ఉద్యోగం వదలకుండా అది ఎలా అన్నది టెన్త్ అయ్యేలోపే లెక్క వేసుకోవాలి. పనిలో వచ్చిన నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటుంది, రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అంటారు. ఉద్యోగంలో కొంత పనికొస్తుంది, ఐటీఐ సర్టిఫికెట్‌కు మాత్రం సమానం కాదు.

పుస్తకాలు ఓపెన్ స్కూల్‌వే చదవాలి. బడి టెన్త్ గైడు కొంటే పాఠాలు కలవవు. ఎన్‌ఐఓఎస్ పాఠాలు దాని వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, తెలుగు మాధ్యమం కూడా ఉంది. "డబ్బు కట్టండి, పాస్ చేయించే పూచీ మాది" అనే ఏజెంట్ల జోలికి పోవద్దు. ఫీజు ఆన్‌లైన్‌లో మీరే కట్టండి, రసీదు మీ దగ్గరే ఉండాలి. చిన్న మెలిక ఇంకొకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి, గాజువాక విశాఖలోనే ఉంది. ఆధార్ అడ్రసు ఏ జిల్లాలో ఉందో చూసుకుని, ఇంటికి దగ్గరి స్టడీ సెంటరు ఎంచుకోండి. పని చేసే చోటు పక్కన పెట్టుకుంటే సెలవు రోజు కూడా బస్సెక్కాల్సి వస్తుంది.

చీటీల_పెట్టె:

చదివింది నిలబడటానికి చీటీల పెట్టె చాలు. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు మరుపు ఎలా సాగుతుందో కొలిచి చూపించాడు. నేర్చుకున్న కొత్తలోనే ఎక్కువ పోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. 1972లో సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన పెట్టె పద్ధతి దానికి విరుగుడు. చెప్పులు కొన్న అట్టపెట్టె తీసుకుని అట్టముక్కలతో నాలుగు గదులు చేయండి. దళసరి కాగితాన్ని పోస్టుకార్డులో సగం సైజుకు కోసి, ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు.

కొత్త చీటీ ఒకటో గదిలోకి. జవాబు వస్తే పక్క గదికి, రాకపోతే ఎక్కడున్నా తిరిగి ఒకటికి. ఒకటో గది రోజూ తీయాలి, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వీక్లీ ఆఫ్ నాడు, నాలుగోది మూడు షిఫ్టులూ ఒక చుట్టు తిరిగాక, అంటే 21 రోజులకోసారి. తేదీలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, షిఫ్టు మారడమే గంట కొట్టినట్టు.

రోజుకు కొత్త చీటీలు 8, అంతకు మించొద్దు. 8 వేస్తే పాతవీ తప్పినవీ కలిపి సగటున రోజుకు 30-40 చేతికొస్తాయి, పావుగంట పని. ఆఫ్ రోజున మాత్రం 50 పైన. ఉత్సాహం కొద్దీ 20 వేస్తే రెండో నెలకల్లా రోజుకు వంద దగ్గరికి పోతుంది, పెట్టె అటకెక్కుతుంది.

చీటీ రాయడం కూడా ఒక విద్యే. "కిరణజన్య సంయోగక్రియ గురించి రాయండి" అన్నది చీటీ కాదు, పరీక్ష ప్రశ్న. "కిరణజన్య సంయోగక్రియలో ఆకు గాలిలోంచి తీసుకునే వాయువు?" ఇదీ చీటీ. జవాబు ఒక్క ఊపిరిలో వచ్చేయాలి. లెక్కలకైతే సూత్రం రాస్తే సూత్రమే వస్తుంది, లెక్క రాదు. మీవాళ్లకు తెలిసిన పనిలోంచి తీయండి. 13 అడుగుల నిచ్చెన కాలు గోడకు 5 అడుగుల దూరంలో ఉంటే పైకొస ఎంత ఎత్తులో ఆనుతుంది? 12. 90 మీటర్ల వైరు కాయిల్లో 20లో 7 వంతులు వాడితే మిగిలేది? 58.5 మీటర్లు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు, 30 రోజులు తిరిగితే ఎన్ని యూనిట్లు? 22.5. భిన్నాలు రాక టెన్త్ లెక్కలు ఆగిపోయేవాళ్లే ఎక్కువ, కాబట్టి మొదటి నెల లెక్కల చీటీలన్నీ భిన్నాలు, శాతాలే ఉండనివ్వండి.

ఇక టైము. కొత్త పాఠానికి బంగారం లాంటిది బీ షిఫ్టు వారమే, మీరు పోయిందనుకుంటున్న వారం. నిద్ర చాలినంక పొద్దున 8 నుంచి 9:30 దాకా బుర్ర తేటగా ఉంటుంది. ఏ షిఫ్టు వారంలో అయితే మధ్యాహ్నం పని నుంచి వచ్చి గంట పడుకుని సాయంత్రం లెక్కలు చేయొచ్చు. సీ షిఫ్టు దిగొచ్చిన పొద్దున కొత్తది ఒక్క ముక్క ముట్టుకోవద్దు, చదివినట్టే ఉంటుంది, లేచాక ఏమీ ఉండదు. ఆ వారం పాత చీటీలతో సరిపెట్టండి, అదీ పడుకుని లేచాకే.

బస్సులో ఫోను చాలు. మీ గొంతుతోనే రికార్డు చేయండి: ప్రశ్న, 5 సెకన్ల మౌనం, జవాబు. 12 ప్రశ్నలకు నాలుగు నిమిషాలు. ఆ మౌనం కోసమే ఇదంతా. అది తీసేస్తే పాట విన్నట్టు వినేస్తారు.

గాజువాక_షిఫ్టు:

చాలా థాంక్సండీ. బీ షిఫ్టు సంగతి తట్టలేదు. రెండు సందేహాలు. కరెంటు పనికి యూట్యూబ్ వీడియోలు సరిపోతాయా? ఎనిమిది మందీ మూడు షిఫ్టుల్లో ఉంటే కలిసి కూర్చోవడం ఎలా?

కంచరపాలెం_వైర్‌మన్:

వీడియో చూస్తే వచ్చేస్తాదనుకుంటారు గానీ, చూడ్డం వేరు, చెయ్యి తిరగడం వేరు. స్క్రూ ఎంత బిగించాలో ఏ వీడియో చెప్తాది? అలాగని నేరుగా 230 వోల్టుల మీద నేర్చుకోవద్దు బాబూ. 12 వోల్టుల బోర్డు కట్టండి.

రెండడుగులు బై అడుగున్నర ప్లైవుడ్. 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు, ప్లస్ వైరు మీద 2 ఆంపియర్ల గాజు ఫ్యూజు. బైకు సామాన్ల షాపులో 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బులు నాలుగు, హోల్డర్లతో. టూవే స్విచ్‌లు (మూడు టెర్మినల్స్ ఉండేవి) రెండు, వన్‌వే రెండు. ఒక చదరపు మిల్లీమీటరు వైరు ఎరుపు, నలుపు చెరో 5 మీటర్లు. కనెక్టర్ స్ట్రిప్, టెస్టింగ్‌కి మల్టీమీటరు. ఎరుపే ఫేజు, నలుపే న్యూట్రల్ అనుకుని కట్టండి, స్విచ్ ఎప్పుడూ ఎరుపు మీదే. న్యూట్రల్ మీద స్విచ్ పెట్టినా 12 వోల్టుల్లో ఏమీ తేడా తెలీదు, బల్బు ఆరిపోద్ది. ఇంట్లో అలా కడితే స్విచ్ ఆపినా హోల్డర్లో కరెంటు అలాగే ఉంటాది, బల్బు మార్చేవాడికి షాకు. అందుకని ఈ అలవాటు బోర్డు మీదే పడిపోవాలి.

ముందు ఒక బల్బు ఒక స్విచ్, తర్వాత పారలల్, తర్వాత మెట్ల వైరింగు, అంటే కింద ఒకటి పైన ఒకటి రెండు టూవే స్విచ్‌లతో ఒకే బల్బు. ఆ పైన సీరీస్ ల్యాంపు, ఇది వస్తే సగం పని వచ్చినట్టే. ఒక 5 వాట్ల బల్బుని లైనుకి అడ్డంగా, అంటే ఎరుపు వైరు మధ్యలో సీరీస్‌లో పెట్టి, దాని తర్వాత పరీక్షించాల్సిన సర్క్యూట్లో అలాంటి బల్బే పెట్టండి. రెండూ మసగ్గా వెలిగితే సర్క్యూట్ బాగున్నట్టు. అడ్డం పెట్టిన బల్బు ఫుల్లుగా వెలిగితే అవతల షార్టు. అసలు వెలగకపోతే ఎక్కడో వైరు తెగినట్టు.

తర్వాత ఆట. ఒకడు దొంగచాటుగా ఒక తప్పు చెయ్యాలి, ఇంకొకడు పది నిమిషాల్లో పట్టుకోవాలి. వైరు తొక్క తియ్యకుండా స్క్రూ కింద బిగించడం, స్ట్రిప్‌లో వదులుగా పెట్టడం, టూవేలో కామన్ (స్విచ్ ఎటు వేసినా మిగతా రెండింట్లో ఒకదానితో కలిసే టెర్మినల్) మార్చెయ్యడం. పట్టుకున్నాక ఎలా పట్టుకున్నాడో నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే లక్కు మీద తగిలిందన్నమాట.

ఈ బోర్డు మీద షాకు గురించి, ఎర్తు గురించి తెలీదు. అవి లైసెన్సున్న మనిషి పక్కన ఉంటేనే, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైన్లోనే.

మద్దిలపాలెం_మాస్టారు:

వైర్‌మన్ గారి ఆట బాగుంది. అందులో లెక్క కూడా దాగుంది: 5 వాట్లు, 12 వోల్టులు అయితే ఎన్ని ఆంపియర్లు? 0.42 దగ్గర. ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల్లో? 4.35. సైన్సు చీటీలు అక్కడే పుడతాయి.

కలిసి కూర్చునే సంగతి. వీక్లీ ఆఫ్‌లు కలిస్తే సరే, లేకపోతే ఎనిమిది మందీ ఒకచోట చేరే టైము కోసం వెతకొద్దు, అలాంటిది లేదు. ఏ షిఫ్టు వాళ్లు ఖాళీ అయ్యేసరికి బీ వాళ్లు పనిలో ఉంటారు. ఏ, సీ మాత్రం కలుస్తాయి. ఏ షిఫ్టు వాళ్లు మూడింటికి ఇల్లు చేరి ఉంటారు, సీ వాళ్ల బస్సు రాత్రి తొమ్మిదికి దగ్గరలో. సాయంత్రం 5:30 నుంచి 7 దాకా వారానికి రెండుసార్లు పెట్టుకోండి. షిఫ్టు తిరుగుతుంది కాబట్టి ప్రతి మనిషీ మూడు వారాల్లో రెండు వారాలు వస్తాడు. బీ వారంలో ఉన్నవాడు పొద్దున చదివిన పాఠంలోంచి పది ప్రశ్నలు తయారు చేసి గ్రూపులో వాయిస్ పంపాలి, వచ్చినవాళ్లు వాటికి జవాబులు రాయాలి. రానివాడికి కూడా పని ఉంటే తిరిగి వస్తాడు.

కూర్చున్న మొదటి పావుగంట పుస్తకాలు మూసి, గుర్తున్నది కాగితం మీద రాయాలి. తర్వాత పాత ప్రశ్నపత్రంలో రెండు లెక్కలు, ఒకరు బోర్డు మీద చేస్తుంటే మిగతావాళ్లు ప్రతి మెట్టుకీ "ఎందుకు" అనాలి. ఇలాంటి గుంపులు ఆరో వారంలోపు చెడిపోతాయి, కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బాగా వచ్చినవాడు మాస్టారైపోతాడు, మిగతావాళ్లు తలాడిస్తారు. అందుకే బాగా వచ్చినవాడి చేతికి సుద్దముక్క ఇవ్వొద్దు. అడగడమే అతని పని.

ఆఫ్ రోజున ఆర్కే బీచ్ దాకా వెళ్లగలిగితే రెండు సైన్సు పాఠాలు అక్కడున్నాయి. కుర్సురా సబ్‌మెరైన్ 2001లో విధుల నుంచి తప్పుకుంది, మరుసటి ఏడు మ్యూజియం అయింది. లోపలికి వెళ్లే ముందే ప్రశ్న రాసుకోండి: అంత ఇనుము నీటి మీద ఎందుకు తేలుతుంది, మునగాలంటే ఏం చేయాలి? ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుంటే సాంద్రత పెరుగుతుందన్న మాట చూశాక సొంతంగా రాయాలి. రెండోది పోటు, ఆటు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, ఒకదానికీ ఇంకోదానికీ 12 గంటల 25 నిమిషాల దూరం. ఈరోజు పోటు టైము చూసి రేపటిది లెక్కగట్టమనండి. సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, చంద్రుడి పాఠం అక్కడ మొదలుపెట్టొచ్చు.

గాజువాక_షిఫ్టు:

బోర్డు సామాను రాసుకున్నానండీ. ఒక్కటి చెప్పండి వైర్‌మన్ గారూ, మెట్ల వైరింగులో ఒక స్విచ్ ఒకవైపు ఉంటేనే రెండోది పనిచేస్తే, అటువైపు వేస్తే ఏదీ పనిచేయకపోతే తప్పెక్కడ?

కంచరపాలెం_వైర్‌మన్:

కామన్ తప్పు. ఫేజు వైరు కామన్లో పెట్టకుండా పక్క టెర్మినల్లో పెట్టుంటారు. మన మాడ్యులర్ టూవేల్లో మధ్యది కామన్ ఉంటాది గానీ కంపెనీని బట్టి మారొచ్చు, నమ్మొద్దు. స్విచ్ విప్పి, సప్లై తీసేసి, మల్టీమీటరు బీప్ మీద పెట్టండి. ఒక ముల్లు ఒక టెర్మినల్ మీద కదలకుండా ఉంచి, రెండోదాన్ని మిగతా రెండింటికీ తాకిస్తూ స్విచ్ అటూ ఇటూ వెయ్యండి. ఒకవైపు వేస్తే ఒకదానితో, ఇంకోవైపు వేస్తే రెండోదానితో బీప్ వచ్చిందంటే కదలకుండా ఉంచినదే కామన్. దాని పక్కన పెన్నుతో చుక్క పెట్టి అప్పుడు బిగించండి. రెండు స్విచ్‌లకీ చెయ్యాలి, ఒకటి చూసి రెండోదీ అంతే అనుకోవద్దు.