సమస్య: "సృష్టికర్తకయ్యె సృష్టి కర్త"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, పై పాదం నాలుగోది. వస్తువు మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టయిన్' (1818). ఇంగోల్‌స్టాట్‌లో చదువుకునే విక్టర్ శవాల ముక్కలు కూర్చి ఒక ప్రాణిని చేస్తాడు. అది కళ్లు తెరవగానే జడిసి పారిపోతాడు. దానికి పేరైనా పెట్టడు. ఫ్రాంకెన్‌స్టయిన్ అన్నది విక్టర్ ఇంటిపేరే. భస్మాసురుణ్ణి మాత్రం తేకండి. శివుడు వాడికి వరమిచ్చాడు గాని వాణ్ణి చెయ్యలేదు.

ఏటిగట్టు:
ఎముకలేర్చి కూర్చి యెదుట నిల్పిన రూపు
కనులు విప్పి చూడ గడప దాటె
మంచుకొండ మీద మాటాడె నాబిడ్డ
సృష్టికర్తకయ్యె సృష్టి కర్త

చలివేంద్రం: 'మాటాడె నాబిడ్డ'ను 'ఆ బిడ్డ' అనీ 'నా బిడ్డ' అనీ రెండు విధాలా చదువుకోవచ్చు, బాగుంది. కాని కథ తప్పింది. ఆల్ప్స్ కొండల్లో షామొనీ మంచుమీద అది ప్రాధేయపడుతుంది, నీకు నేను ఆదాము కావలసినవాణ్ణి అంటుంది. 'నన్ను చేసింది నువ్వే, కాని నీ యజమానిని నేను' అని గద్దించేది తర్వాత, ఆర్క్నీ దీవుల్లో, తన కోసం చేస్తున్న ఆడప్రాణిని విక్టర్ చీల్చేశాక.

ఏటిగట్టు: ఒప్పుకున్నాను. మూడో పాదం మారుస్తున్నా: "జతను చీల్చివేయ జంకు లేకది పల్కె".

నిర్వాహకుడు: ఇప్పుడు సమస్య పాదం దాని నోటి మాటే అయింది. శ్లేష పోయిందని కొంచెం బాధ, అయినా ఇదే మేలు.

కొత్తకుండ: గురువుగారూ, మొదటి ప్రయత్నం. "మేరి రాసె కథను పద్దెనిమిదేండ్లకు" అని ఎత్తుకున్నాను, ఆగిపోయాను.

నిర్వాహకుడు: ఆగడం మంచిదే అయింది. 'మిదేండ్లకు' లగలల, ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. 'మే'కు 'ప'తో యతి కుదరదు. ఊహ మాత్రం కొత్తది, వదలకండి.

కొత్తకుండ:
పదునెనిమిది యేండ్ల పడతి కలము పట్ట
పేరు లేక పొత్తమూరు చేరె
జనులు భూతమెరిగి జనయిత్రి నెరుగరు
సృష్టికర్తకయ్యె సృష్టి కర్త

చలివేంద్రం: రెండో పాదంలో 'పేరు', 'మూరు' ప్రాసయతి! మొదటి ప్రయత్నమంటే నమ్మలేను. మొదటి ముద్రణలో ఆమె పేరు లేని మాట నిజం. ముందుమాట రాసిన భర్త పెర్సీయే నవలా రాశాడని చాలామంది అనుకున్నారు. 1823 ముద్రణలో గాని పేరు పడలేదు.

పూలబుట్ట:
పేరు లేనివాడు పెనుమంచులో బారె
పేరు పెట్టనట్టి పిచ్చి తండ్రి
వాని జాడ బట్టి వగరుస్తు పరుగెత్త
సృష్టికర్తకయ్యె సృష్టి కర్త

నిర్వాహకుడు: 'వగరుస్తు' వాడుక రూపం. గ్రాంథికమే కావాలంటే "వడివడిగ నురుక" అనండి, గణాలు సరిపోతాయి. నాకైతే వగర్పే ఇష్టం. ఆ చివరి వేటలో తరిమేదెవరో పరుగెత్తేదెవరో తెలియదు. ఇద్దరికీ ఇల్లు లేదు, తోడు లేదు, పగ తప్ప పని లేదు.

పూలబుట్ట: కుందేలును పద్యంలో ఇరికించలేకపోయానండీ. వెంటపడేవాడు ఆకలికి పడిపోకూడదని దారిలో చచ్చిన కుందేలును వదిలి, తిని రమ్మని రాసిపెడుతుంది. తనేమో కాయలూ పళ్లూ తినే ప్రాణి. కన్ననాడు ముద్ద పెట్టని తండ్రికి వేటమాంసం!

చలివేంద్రం: నాది కాస్త అశుభం, మన్నించాలి.
ఓడగదిని దేహమొంటిగా పడియుండ
తలను వంచి వచ్చి తనయుడేడ్చె
చితిని పేర్చుకొందు చివర నేనే యనె
సృష్టికర్తకయ్యె సృష్టి కర్త

ఏటిగట్టు: అమ్మో! కర్మ చేసే 'కర్త'! ఇన్ని రోజులూ యజమాని అనే అర్థం దగ్గరే తిరుగుతున్నాను.

నిర్వాహకుడు: ఉత్తరధ్రువానికి బయల్దేరిన నావికుడు వాల్టన్ ఓడలో విక్టర్ శవం మీద వంగి అది ఏడ్చే ఘట్టానికి ఇంతకన్నా దగ్గరి మాట తెలుగులో ఉండదేమో. ఒక్క ఆక్షేపణ: అది పేర్చుకుంటానన్న చితి తన కోసం, తండ్రి కోసం కాదు. పైగా తమ్ముడు ఎర్నెస్టు బతికే ఉన్నాడు కదా, కర్త అతనే కావాలి.

చలివేంద్రం: తమ్ముడు జెనీవాలో ఎక్కడో ఉన్నాడు, శవం ఉత్తరధ్రువం దారిలో ఉంది. ఎవరు అందుబాటులో ఉంటే వాళ్లేనండీ.