వరద రాత్రి తండాకూ ఊరికీ మధ్య కబురు: సిటిజన్స్ బ్యాండ్ రేడియో పనికొస్తుందా?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ వైపు, వాగు పక్కనున్న చిన్న ఊరు. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక తండా, ఆరు కిలోమీటర్ల దూరంలో మరొక తండా ఉన్నాయి; ఈ రెండో తండాకూ మాకూ మధ్య పెద్ద రాతి గుట్ట అడ్డం. మొన్నటి వానాకాలంలో చెరువు అలుగు దుంకి రోడ్డు మీద నడుము లోతు నీళ్లు పారాయి. కరెంటు పోయిన కొన్ని గంటలకే సెల్ టవర్ కూడా ఆగిపోయింది. ఆ రాత్రి దూరపు తండాలో ఒక ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యాయన్న సంగతి మాకు తెల్లవారిన తరువాత, వాగు తగ్గి మనిషి నడిచి వచ్చినప్పుడు గానీ తెలియలేదు. తల్లీబిడ్డా క్షేమమే, కానీ అది మా తెలివి వల్ల కాదు.

అమెరికాలో లారీ నడిపే మా బావ, అక్కడి డ్రైవర్లు సిటిజన్స్ బ్యాండ్ రేడియోలో మాట్లాడుకుంటారనీ, దానికి టవర్ అవసరం లేదనీ చెప్పి, వచ్చేటప్పుడు రెండు సెట్లు తెస్తానంటున్నాడు. మన దగ్గర వాటిని వాడవచ్చా? గుట్ట దాటి మాట వినిపిస్తుందా?

జవాబు 1 (మహబూబ్‌నగర్, హ్యామ్ లైసెన్సుదారు, అంటే పరీక్ష రాసి అభిరుచిగా సొంత రేడియో నడిపే మనిషి)

వాడవచ్చు, అయితే మీ బావగారు చూసిన పద్ధతిలో కాదు. మన దేశంలో 2005 నాటి నిబంధనల ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చు. శక్తి 5 వాట్లకు మించకూడదు, యాంటెన్నా సెట్టులోనే అమర్చి ఉండాలి. అమెరికా సెట్టులో 40 ఛానళ్లు ఉంటాయి, అవి 27.405 దాకా పోతాయి. అందువల్ల 28వ ఛానల్ నుంచి పైవన్నీ మన హద్దు బయట పడతాయి. పైగా ఇక్కడ వాడే సెట్టుకు కేంద్ర వైర్‌లెస్ విభాగం వారి పరికర ఆమోదం ఉండాలి కాబట్టి, సెట్లను సంచీలో వేసుకుని రావద్దని ఆయనకు చెప్పండి.

అసలు చిక్కు యాంటెన్నాతోనే. ఈ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, అందులో పావు వంతంటే దాదాపు 2.7 మీటర్లు. లారీ మీద పొడవాటి కడ్డీ నిలబెట్టేది అందుకే. చేతిలో పట్టుకునే సెట్టుకు జానెడు రబ్బరు కడ్డీ ఉంటే, మీరిచ్చే 5 వాట్లలో చాలా భాగం గాలిలోకి వెళ్లకుండా వృథా అవుతుంది. బోరు మోటర్లు, స్టార్టర్లు చేసే గరగర కూడా ఈ బ్యాండులో బాగా వినిపిస్తుంది. కరెంటు పోయిన రాత్రి అది ఉండదు, అదొక్కటే వరద చేసే మేలు. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే సంవత్సరాలలో పగటి పూట ఎక్కడో వేల కిలోమీటర్ల దూరపు మాటలు వచ్చి మీదపడి, పక్క తండా మాట వినిపించకపోవచ్చు.

జవాబు 2 (నాగర్‌కర్నూల్ నుంచి)

పై అన్నగారి మాటకు నా తప్పు కూడా జోడిస్తాను. మా యువజన సంఘం తరఫున నేను ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన వాకీటాకీలు ఆరు కొన్నాను. పెట్టె మీద లైసెన్సు అక్కరలేదని రాసి ఉంది. తీరా తెలిసినవారికి చూపిస్తే, అవి పోలీసులు, అటవీ శాఖ వాడే పౌనఃపున్యాలలోనూ మాట్లాడగలవనీ, అలాంటివి లైసెన్సు లేకుండా ఉంచుకోవడమే నేరమనీ అన్నారు. 2025లో వినియోగదారుల రక్షణ సంస్థ ఇటువంటి అమ్మకాల మీద మార్గదర్శకాలు తెచ్చిన తరువాత కూడా కొనేవాళ్లు జాగ్రత్తగానే ఉండాలి.

లైసెన్సు అక్కరలేని వాకీటాకీలంటే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్‌లో అర వాటుతో పనిచేసేవి. శక్తి తక్కువే అయినా వాటి తరంగానికి పావు వంతు 17 సెంటీమీటర్లే కాబట్టి, చేతి సెట్టు యాంటెన్నా సరిగ్గా సరిపోతుంది. దగ్గరి తండాకు, మధ్యలో అడ్డం లేకపోతే, నేను అవే ప్రయత్నించమంటాను. గుట్ట వెనక్కి మాత్రం అవి అసలే పోవు.

జవాబు 3 (గద్వాల, విశ్రాంత వైర్‌లెస్ ఆపరేటర్)

బాబూ, గుట్టను అడ్డమని ఎందుకు అనుకుంటున్నారు? చుట్టూ ఉన్న నేల కంటే అది 80 మీటర్ల ఎత్తుంటే, దాని మీద నిలబడిన మనిషికి చూపు హద్దు 30 కిలోమీటర్లు దాటుతుంది. వాన ముదరకముందే ఇద్దరిని గుట్ట మీదికి పంపండి, ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తారు. రాతి గుట్ట మీద పిడుగుల భయం ఉంది కాబట్టి ఉరుములు మొదలైతే దిగిపోవాలన్న నియమం ముందే పెట్టుకోండి. అప్పటికి కబురు ఎక్కడిదాకా వచ్చిందో అంతే.

2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, అలంపురం నీట మునిగిన రోజులలో నేను సెట్టు దగ్గర కూర్చున్నాను. సెట్లకు కొదువ లేదు. అందరూ ఒకేసారి మాట్లాడటమే అసలు బాధ. పది మంది "నీళ్లొచ్చాయి" అన్నారు, ఎక్కడ, ఎంత లోతు అన్నది ఇద్దరే చెప్పారు. మీరు గంటకొకసారి, గంట కొట్టగానే పిలిచే పద్ధతి పెట్టుకోండి. ముందు దూరపు తండా, తరువాత దగ్గరిది. చెప్పేది నాలుగు ముక్కలు: చోటు, నీటి మట్టం, రోగులెవరు, ఏం కావాలి. విన్నవాడు తిరిగి చదివి వినిపించాలి, నోటుపుస్తకంలో సమయంతో సహా రాసుకోవాలి. మధ్య వేళలో సెట్టు ఆపేస్తే బ్యాటరీ రెండు రాత్రులు నిలుస్తుంది. మాట్లాడే పనికి కుర్రవాళ్ల కంటే చెరువు నీళ్లు చూసుకునే మీ ఊరి నీరటి మేలు. అలుగు మీద ఎంత ఎత్తు నీరు పోతే రోడ్డు మునుగుతుందో ఆయనకు తెలుసు.

జవాబు 1, మళ్లీ

పెద్దాయన చెప్పిన దానికి ఒక్కటి కలుపుతాను. ఈ చిన్న సెట్లు ఊళ్ల మధ్యకే. మండల కేంద్రానికి కబురు చేరాలంటే ఎవరో ఒకరు హ్యామ్ పరీక్ష రాయాలి. 12 ఏళ్లు నిండితే చాలు, రెస్ట్రిక్టెడ్ అనే కింది గ్రేడుకు చుక్కలు, గీతలతో కబురు పంపే మోర్స్ కోడ్ కూడా అక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వారిని అడిగితే పరీక్షకు ఎలా సిద్ధం కావాలో చెబుతారు. 2004 డిసెంబరు సునామీ వేళ అండమాన్‌లో ఉన్న హ్యామ్ భారతీ ప్రసాద్ ఆ దీవుల కబుర్లు బయటికి అందించింది హ్యామ్ లైసెన్సుతోనే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. బావకు ఫోన్ చేసి సెట్లు వద్దని చెప్పాను, కాస్త అలిగాడు. ముందు ఆమోదం ఉన్న 446 సెట్లు మూడు కొని, వచ్చే ఆదివారం పొద్దున గుట్ట మీద ఒకటి, తండాలో ఒకటి, చెరువు కట్ట మీద ఒకటి పెట్టి చూస్తాం. నీరటి పెద్దయ్య కట్ట మీద ఉండడానికి ఒప్పుకున్నాడు, అయితే బటన్ ఒక్కటే ఉండాలన్నాడు.