ఎంజైమ్‌ని ‘తోడు’ అనొచ్చా?

ప్రశ్న:
మా అమ్మాయికి జీవశాస్త్రం చెబుతుంటే అనుమానం వచ్చింది. ఎంజైమ్‌ని కన్నడంలో ‘కిణ్వ’ అంటారు, తమిళంలో ‘నొది’, మలయాళంలో ‘రాసాగ్ని’. మనకేమో ఎంజైమే. ‘జీవ ఉత్ప్రేరకం’ (జీవుల్లో రసాయన చర్యను తొందరపెట్టేది) వివరణే గానీ పేరు కాదు. చెంచాడు మజ్జిగ గిన్నెడు పాలను మార్చేస్తుంది కదా, ‘తోడు’ అంటే సరిపోదా? తోడుకి మా అమ్మ వాడే మాట ‘చేమిరి’ అయినా సరే.

జవాబు:
వినడానికి ఇంపుగానే ఉందండీ, కానీ ఒప్పుకోలేను. తోడులో ఉన్నది బతికున్న బాక్టీరియా. రాత్రంతా పాలలో పెరుగుతుంది కాబట్టే ఇవాళ్టి పెరుగు రేపటికి తోడవుతుంది. ఎంజైమ్‌కి ప్రాణం లేదు, పిల్లలు పెట్టదు. ఆ బాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని విరగ్గొట్టడానికి వాడే పనిముట్టు అది, ఒక ప్రోటీన్.

19వ శతాబ్దపు యూరప్‌లో పెద్ద వాదం నడిచింది సరిగ్గా ఈ తేడా మీదే. పులియడం బతికున్న కణం పని అన్నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్. జీర్ణరసాల్లోలాగా కణం లేకుండానే పనిచేసే పదార్థాలకు వేరే పేరుండాలని జర్మనీలో క్యూనె అనే శాస్త్రవేత్త ‘ఎంజైమ్’ అన్నాడు. గ్రీకులో ‘ఈస్ట్‌లో’ అని దానర్థం. 1897లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త బుక్నర్ ఈస్ట్‌ని ఇసుకతో నూరి రసం పిండాడు. ఒక్క కణమూ లేని ఆ రసంలో చక్కెర పులిసింది! తోడునీ ఎంజైమ్‌నీ విడదీయడానికే పుట్టిన మాటను మళ్లీ తోడులో కలపొద్దు.

ప్రశ్న:
అర్థమైందండీ. ‘ఉత్ప్రేరకం’ మాటేమిటి? ప్రేరణ అనగానే ఎంజైమ్ శక్తినిస్తుందా అని అడిగింది మా అమ్మాయి.

జవాబు:
చాలా మంచి ప్రశ్న అడిగింది. ఇవ్వదు. రసాయన చర్యను గట్టు ఎక్కలేక ఆగిన బండి అనుకోండి. దాన్ని వెనకనుంచి నెట్టడం వేడి చేసే పని. ఎంజైమ్ గట్టునే తవ్వి తగ్గిస్తుంది. బండి చేరే చోటు మారదు, తొందరగా చేరుతుంది. తాను మాత్రం ఖర్చు కాదు, మరో బండికి సిద్ధం. మన నెత్తుటిలో కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ అణువు ఒక్కటే సెకనుకు లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను మారుస్తుంది. ఉత్ప్రేరణకు 1835లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ పెట్టిన పేరు ‘కెటాలిసిస్’లో గ్రీకు ‘కటా’ అంటే కిందికి. మన ‘ఉత్’ అంటే పైకి! అందుకే ఆ మాట నాకు నచ్చదు. ‘కిణ్వం’ తెచ్చుకుందాం, పులియడాన్ని కిణ్వనం అని ఎలాగూ అంటున్నాం.

మరొకరు:
సంస్కృతంలో కిణ్వం కల్లు, సారా పులియబెట్టే మడ్డే కదండీ? అదీ ఒక తోడే.

జవాబు:
నిజమే. కానీ ఇవాళ ఏ ఇంట్లోనూ ఆ మాట వాడుకలో లేదు, కొత్త అర్థం ఇస్తే నిలుస్తుంది. తోడు అలా కాదు, రోజూ మన గిన్నెలోనే ఉంది.