పేరడీలన్నీ చూశాక ఇప్పుడు 'మాయాబజార్' మొదటిసారి చూశాను. మీకెలా అనిపించింది?

మూడులాంతర్లు
మాది విజయనగరం. నాకు 27 ఏళ్ళు. మాయాబజార్ పూర్తిగా చూసింది మొన్న ఆదివారమే. ఇన్నాళ్ళూ చూడలేదంటే మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు, ఎందుకంటే అందులో ప్రతి ముక్కా నాకు వచ్చు. స్కూల్ వార్షికోత్సవంలో గద పట్టుకుని ఘటోత్కచుడి వేషం వేశాను. మా అక్క పెళ్ళి వీడియోలో ఆమె గడపలో అడుగు పెట్టగానే 'ఆహా నా పెళ్ళియంట' వస్తుంది. మా వీధిలో క్యాటరింగ్ ఆటో మైకులో 'వివాహ భోజనంబు' ట్యూన్‌కి వాళ్ళ మెనూ పాడుకుంటూ తిరుగుతుంది. 'అస్మదీయులు, తస్మదీయులు' అనేది పేపరు వాళ్ళు పుట్టించిన మాట అనుకునేవాణ్ణి.

మొదటి గంట చాలా ఇబ్బంది పడ్డాను. డైలాగు రాకముందే నాకు నవ్వు వచ్చేస్తోంది. ఆ నవ్వు సినిమాది కాదు, ఎప్పుడో చూసిన పేరడీది. ఆపేద్దామనుకున్నా. ఇంతలో మాయా శశిరేఖ, అంటే శశిరేఖ రూపం ఎత్తిన ఘటోత్కచుడు, వచ్చింది. చెలికత్తెలు చూస్తున్నంతసేపూ పెళ్ళికూతురు. వాళ్ళు అటు తిరగ్గానే భుజాలు వెడల్పవుతాయి, అడుగు బరువెక్కుతుంది, కళ్ళలోకి రాక్షసుడు వస్తాడు. మళ్ళీ ఎవరైనా ఇటు చూస్తే సిగ్గు! సావిత్రి గారు ఆడపిల్లగా నటిస్తున్న మగాడిగా నటిస్తున్నారు. ఇన్నేళ్ళలో ఒక్క పేరడీ కూడా నాకు ఈ సంగతి చెప్పలేదు. అందరూ పాట తీసుకున్నారు, ఆ నడక వదిలేశారు. ఘంటసాల గారి సంగీతం గురించి చెప్పక్కర్లేదు.

అడగాల్సినవి: అమ్మానాన్నలకి నలుపు తెలుపు చూపించాలా, రంగులదా? మీలో ఎవరికైనా ఇలాగే జరిగిందా? తర్వాత ఏ పాత సినిమా చూడమంటారు?

నాగావళి_గట్టు
నేను శ్రీకాకుళంలో తెలుగు టీచర్ని. నాకు ఇది రోజూ ఉండే బాధే. ఎనిమిదో తరగతి పిల్లలకి 'దుష్టచతుష్టయం' అంటే పకపకా నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నార్రా అంటే చెప్పలేరు. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, శకుని, కర్ణుడు అని నలుగురి పేర్లు చెప్పమంటే ఒక్కడూ చెప్పలేదు. నవ్వు మాత్రం వాళ్ళ దగ్గరికి వచ్చేసింది, మాట రాలేదు.

పోయిన ఏడాది ఆ పాఠశాల సీను ఒక్కటే లాప్‌టాప్‌లో చూపించాను. రాక్షస శిష్యుల నోరు తిరక్క 'దుసట చతుసటయం' అంటారు. అస్మదీయులకి జోడీగా 'తసమదీయులు' అని ఒకడు కొత్త మాట అంటాడు. గురువు కొట్టబోతే ఘటోత్కచుడు వచ్చి, ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెలా పుడతాయని శిష్యుడి మెడలో మెప్పుగా వీరతాడు వేయిస్తాడు. క్లాసంతా నిశ్శబ్దం. తప్పు పలికితే మెచ్చుకుంటారా టీచర్ అని వెనక బెంచీ అబ్బాయి అడిగాడు. ఆ పిల్లాడికి నత్తి. ఆ రోజు నుంచి వాడే ముందు చెయ్యెత్తుతున్నాడు. ఆ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారికి నేను చేతులెత్తి దండం పెడతాను.

సాలూరోడు
తమ్ముడూ, బాగా రాశావు కానీ ఒక్క మాట. 'ఘంటసాల సంగీతం' అని తేల్చేశావు. లాహిరి లాహిరి, చూపులు కలసిన శుభవేళ, వీటితో సహా నాలుగు పాటల బాణీలు మా సాలూరి రాజేశ్వరరావు గారివి. మధ్యలో ఆయన తప్పుకున్నాక మిగతాది ఘంటసాల గారు చేశారు. మా పక్క శివరామపురంలో పుట్టిన మనిషి. ఈ మాట ప్రతి చోటా చెప్పీ చెప్పీ నాకు విసుగొస్తోంది. కనీసం మన జిల్లా వాళ్ళయినా తెలుసుకోవాలి కదా.

రాజాం_ఆడపడుచు
సాలూరు ఇప్పుడు మన జిల్లా ఎక్కడిదండీ? 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం కదా. మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది.

సాలూరోడు
ఆయన పుట్టినప్పుడు మన్యం జిల్లా ఉందా అమ్మా? కాయితం మీద గీత మారితే రాగం మారుతుందా?

వీణపలుకు
నేను విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివాను. నలభై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను కాబట్టి ఈ విషయంలో నాకు చెప్పే అర్హత ఉంది. రాజేశ్వరరావు గారి బాణీలు నిజమే, ఎవరూ కాదనరు. కానీ వాద్యగోష్ఠి కూర్చి, పాడించి, రికార్డు చేసింది ఘంటసాల గారు. బాణీ ఒక్కటే పాట అయిపోదు. లాహిరి మోహన రాగం. ఆ రాగం వందమంది పాడతారు. అందులో పడవ ఊగాలంటే తబలా ఎక్కడ తగ్గాలో, వేణువు ఎక్కడ రావాలో తెలియాలి. టైటిల్స్‌లో ఎవరి పేరుందో చూసుకోండి. పైగా ఘంటసాల గారు మా కళాశాల విద్యార్థి. ఈ ఊళ్ళో మధూకరం ఎత్తుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగి తెచ్చుకుని, చదువుకున్న మనిషి. ఆయన్ని తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోను.

సాలూరోడు
నేను తక్కువ చేశానా? ఎక్కడ చేశానో చూపించండి మాస్టారూ. పేరు దక్కని వాడి పేరు చెబితే, పేరు దక్కిన వాణ్ణి తక్కువ చేసినట్టా? సరే, కళాశాల మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. విజయనగరంలో ఘంటసాల గారిని చేరదీసి సంగీతం నేర్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయన్ని లోకమంతా ఏమని పిలిచింది? 'సాలూరు చినగురువు గారు' అని. ఇటు చూసినా సాలూరే, అటు చూసినా సాలూరే.

వీణపలుకు
గురువు గారి పేరు తీసుకొచ్చి నా నోరు మూయించడం పద్ధతి కాదు. ఆయన చిత్రపటానికి దండం పెట్టుకోకుండా నేను పాఠం మొదలుపెట్టను.

పలాస_బాబు
గొడవ ఆపండి ప్లీజ్. నేను మీమ్స్ చేస్తాను. ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు కదా, దాన్ని వీడియో కాల్ చేసి 'నెట్ పోయింది' అని పెట్టా. మా ఊళ్ళో అందరి ఫోన్లలో తిరిగింది. నిజం చెప్పాలంటే అప్పటికి నేనూ సినిమా చూడలేదు, క్లిప్ మాత్రమే. చూశాక అదే క్లిప్ వాడబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి మొహం అంత ఆశగా ఉంటుంది.

పాతరీలు
నాయనా, నీలాంటి వాళ్ళ వల్లే ఇదంతా. మూడు గంటల సినిమాని మూడు సెకన్లు చేసి పారేశారు. నేను ఆమదాలవలస చుట్టుపక్కల టూరింగ్ టాకీసులో ఆపరేటర్‌గా చేశాను. మాయాబజార్ ప్రింటు ఎన్నిసార్లు ఆడించానో లెక్కలేదు. మాకు ఒక్కటే ప్రొజెక్టర్. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రీలు అయిపోతే దీపం వేసి, కార్బన్ కడ్డీలు సరిచూసి, కొత్త రీలు ఎక్కించి మళ్ళీ వెలిగించాలి. వివాహ భోజనంబు దగ్గర రీలు తెగిందంటే జనం నన్ను బతకనిచ్చేవారు కాదు. అందుకని ఆ రీలు అతుకులు ముందురోజే వేలితో తడిమి చూసుకునేవాణ్ణి. చేతికి గరుగ్గా తగిలితే అక్కడ తెగుతుందని గుర్తు. లడ్డూలు ఒక్కొక్కటీ లేచి ఘటోత్కచుడి వేషంలో ఉన్న ఎస్వీఆర్ నోట్లోకి వెళ్తుంటే నేల టిక్కెట్టు పిల్లలు నోళ్ళు తెరిచేవారు, నేను గదిలోంచి చూసేవాణ్ణి. దానికి మీరు జోకులు అతికిస్తారా?

రంగుల సంగతి అడిగావు. వద్దు. కెమెరామెన్ బార్ట్లీ నలుపు తెలుపులో తీసిన వెన్నెల అది. నిజం వెన్నెల కాదు, ఆయన లైట్లతో పుట్టించింది. దానికి రంగు పూస్తే పడవ మిగులుతుంది, వెన్నెల పోతుంది.

పలాస_బాబు
సార్, మీరు పెద్దవారు, గౌరవం ఉంది. కానీ మా చెల్లి నా మీమ్ చూసి, ఇదేంటన్నయ్యా అని అడిగి సినిమా పెట్టించుకుంది. టూరింగ్ టాకీసు మా ఊరికి రాదు కదా ఇప్పుడు. ఫోన్‌కి వచ్చింది ఫోన్ నుంచే రావాలి. నన్ను దొంగలా మాట్లాడకండి.

రాజాం_ఆడపడుచు
పలాస బాబు చెప్పిందే నిజం. జంధ్యాల గారు ఏం చేశారు? అహ నా పెళ్ళంట (1987), వివాహ భోజనంబు, చూపులు కలసిన శుభవేళ (1988), హై హై నాయకా (1989). నాలుగు పేర్లూ మాయాబజార్ లోంచే తీసుకున్నారు. అవి చూసే నేను అసలు దాని దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని కూడా తిడతారా?

ఇక రంగుల గురించి. 2010లో రంగులది హాలుకి వచ్చినప్పుడు మా నాన్నమ్మని తీసుకెళ్ళాం. ఆవిడకి చూపు తగ్గింది, నలుపు తెలుపులో మనుషులు కలిసిపోయేవారు. రంగులో చీర అంచు బట్టి 'అదిగో శశిరేఖ' అని గుర్తుపట్టింది. బార్ట్లీ గారి వెన్నెల గొప్పదే. మా నాన్నమ్మ కళ్ళు కూడా గొప్పవే.

పాతరీలు
అమ్మా, మీ నాన్నమ్మ గారి విషయంలో నేనేమీ అనను. కానీ రంగులదానిలో నిడివి తగ్గించారు, అది ఒప్పుకోండి. అసలుది మూడు గంటల పైచిలుకు.

టెక్కలి_నాటకం
అందరూ ఈ మాయాబజార్ వచ్చిన 1957 నుంచే మొదలుపెడుతున్నారు. అంతకు ముందే 1936లో ఈ కథ తెలుగు తెర మీదికి వచ్చింది. దానికీ ముందు స్టేజీ మీద శశిరేఖా పరిణయం ఆడేవారు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు, ఇది జనం కట్టుకున్న కథ. మా నాన్న ఊళ్ళో ఘటోత్కచుడి వేషం కట్టేవారు. ఆయన సినిమా చూసి వచ్చి మూడు రోజులు మాట్లాడలేదట. నా నవ్వు ఇప్పుడు ఎవరికి కావాలి, అందరూ ఎస్వీఆర్ నవ్వే అడుగుతారు అన్నారట మా అమ్మతో. తర్వాత ఏడాది వేషం కట్టి, నవ్వకుండా పద్యం ఒక్కటే పాడారు. జనం ఊగిపోయారు. పేరడీ అంటే ఎవరికి దెబ్బ తగులుతుందో నాకు ఇంట్లోనే తెలిసింది. సినిమానే మాకు పేరడీ అయింది.

వీణపలుకు
టెక్కలి వారూ, మీ నాన్నగారికి నమస్కారం. ఆ నవ్వు పాట 'వివాహ భోజనంబు' మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. సినిమాలో మాధవపెద్ది సత్యం పాడారు. దాని నడకకి మూలం 1922 నాటి చార్లెస్ పెన్‌రోజ్ అనే ఇంగ్లీషాయన నవ్వుల పాట రికార్డు. విని చూడండి, నవ్వు సరిగ్గా అక్కడే పడుతుంది.

సాలూరోడు
అదీ అరువే అంటారు, ఇదీ అరువే అంటారు. మా రాజేశ్వరరావు గారి బాణీ మాత్రం ఒక్కసారి ఆయనదే అని గట్టిగా అనరు.

వీణపలుకు
అన్నాను కదండీ మొదటి వాక్యంలోనే! చదవకుండా పోట్లాడుతున్నారు.

నాగావళి_గట్టు
మూడులాంతర్లు అబ్బాయి మూడు ప్రశ్నలు అడిగాడు, ఒక్కదానికే సగం జవాబు వచ్చింది. తర్వాత ఏం చూడాలన్నాడు కదా. నువ్వుండేది విజయనగరంలో. 'డామిట్! కథ అడ్డంగా తిరిగింది' అని రోజుకు ఎంతమంది అనడం వింటున్నావు? అది కన్యాశుల్కం నాటకంలో గిరీశం చిట్టచివరి మాట. ఆ నాటకం మొదటిసారి ఆడింది మీ ఊళ్ళోనే, 1892లో. ఇప్పుడు మనం చదివేది గురజాడ వారు తిరగరాసిన 1909 ప్రతి. జోకు అనుకుంటారు గానీ, ఆ మాట వచ్చేసరికి మధురవాణి ఎంత పని చేసి ఉంటుందో చదివితే నవ్వు రాదు, ఒళ్ళు జలదరిస్తుంది. 1955 సినిమాలో మధురవాణి కూడా మన సావిత్రి గారే. ముందు నాటకం చదివి, తర్వాత సినిమా చూడు.

టెక్కలి_నాటకం
గిరీశంగా ఎన్టీఆర్ సరిపోలేదని నా అభిప్రాయం. ఆ మోసగాడికి అంత అందం ఉండకూడదు.

రాజాం_ఆడపడుచు
అందం లేకపోతే బుచ్చమ్మ ఎలా నమ్ముతుందండీ? అందుకే కదా వేసింది!

సాలూరోడు
కన్యాశుల్కం సినిమాకి సంగీతం ఘంటసాల గారే. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ ఆయన పాడింది విని నేను ఏడ్చాను. ఇది మాస్టారి కోసం రాస్తున్నా.

వీణపలుకు
సంతోషం బాబూ. నేను ఈ పూట పిల్లలకి లాహిరి చెబుతున్నాను. బాణీ సాలూరి వారిదని చెప్పే మొదలుపెడతాను.

మూడులాంతర్లు
అందరికీ కృతజ్ఞతలు. పాతరీలు గారి మాటా, రాజాం అక్క మాటా రెండూ విన్నాను. నిన్న రాత్రి మేడ మీద తెల్ల దుప్పటి కట్టి నలుపు తెలుపుదే వేశాను. అమ్మానాన్నతో పాటు మా అక్క కూతురు కూడా కూర్చుంది. దానికి ఆరేళ్ళు, పేరడీలు ఏవీ తెలియవు. కంబళికి గింబళి, తల్పానికి గిల్పం అనగానే ఒక్కసారి నా వైపు తిరిగి 'మామయ్యా, మళ్ళీ వెయ్యి' అంది. మూడుసార్లు వెనక్కి వేశాను. పెళ్ళిపీటల మీద మాయా శశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కితే చప్పట్లు కొట్టింది. శకుని సత్యపీఠం ఎక్కి నిజాలన్నీ కక్కేస్తుంటే మా నాన్న లేచి నిలబడ్డారు, ఆయనకి ఆ సీను ఇప్పటికీ అంత ఇష్టమట. పొద్దున్నే లేచి పాప గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా చూపించి 'అమ్మమ్మా, గింబళి తడిసిపోయింది' అంటోంది.

నాగావళి_గట్టు
ఆ పాపకి నా తరఫున ఒక వీరతాడు వెయ్యి బాబూ.