డెవలప్‌మెంట్ బ్యాంకు డబ్బుతో ఏం కట్టాలో ఊరివాళ్లు చెప్పే వీలుందా?

పొదుపు పద్దు (ప్రశ్న)

నేను 12 ఏళ్లుగా మహిళా పొదుపు సంఘాల లెక్కలు చూస్తున్నాను. మా సంఘాలున్న ప్రాంతానికి ఒక డెవలప్‌మెంట్ బ్యాంకు (అభివృద్ధి పనులకు అప్పులిచ్చే పెద్ద బ్యాంకు) అప్పుతో కరువును తట్టుకునే ప్రాజెక్టు వచ్చింది. కాగితాల్లో ఎక్కడ చూసినా "స్థానికుల నాయకత్వం" అనే రాశారు. చదివి చాలా సంతోషపడ్డాం.

అవసరాలు చెప్పమంటే ఒక సమావేశం పెట్టుకున్నాం. నేల మీద సుద్దముక్కతో గళ్లు గీశాం. తాగునీళ్లు, పంట, మేత, వలస, జబ్బులు, ఒక్కో కష్టానికి ఒక్కో గడి. మనిషికి ఐదు గులకరాళ్లు ఇచ్చి, ఎక్కువ బాధపెట్టే గడిలో ఎక్కువ పెట్టమన్నాం. పంట గడే నిండుతుందని నేను అనుకున్నాను. మేత గడి నిండింది. ఒక పెద్దావిడ తన ఐదు రాళ్లూ అందులోనే పెట్టి, "పంట పోతే ఆ ఏడాదే పోతుంది. మేత లేక గేదెను తెగనమ్ముకుంటే మళ్లీ కొనుక్కోవడానికి నాలుగేళ్లు పడుతుంది" అంది. ఆ మాట విని పక్కనున్న ఇద్దరు తమ రాళ్లు తీసి అటు జరిపారు.

ఆ గళ్ల ఫోటో పట్టుకుని ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్లాం. ఉమ్మడి మేత భూమికి కంచె, ఎండాకాలానికి గడ్డి దాచుకునే కొట్టం అడిగాం. పనుల జాబితా ఎప్పుడో ఖాయమైందన్నారు. చెక్ డ్యాములు, ఒక వాతావరణ కేంద్రం, శిక్షణ తరగతులు. "బ్యాంకు ఒప్పుకున్నాక మార్చలేం" అన్నారు. మమ్మల్ని సంప్రదించినట్టు సంతకాలు మాత్రం కావాలన్నారు. నేను పెట్టలేదు. అప్పటి నుంచీ ఒకటే టెన్షన్. వచ్చిన డబ్బు కూడా నా వల్ల ఆగిపోతుందేమో అని సంఘంలో కొందరు భయపడుతున్నారు.

నిజంగానే మార్చలేరా? ఇంత పెద్ద బ్యాంకుల డబ్బుతో ఊళ్లు తమకు కావలసింది తామే నిర్ణయించుకున్న చోటు ఎక్కడైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గట్టు మీద

ఇలాంటి ప్రాజెక్టుల ఆఫీసుల్లో కొన్నాళ్లు పనిచేశాను. "మార్చలేం" అన్నది సగమే నిజం అండీ.

ఈ బ్యాంకులు మామూలుగా అప్పు ఇచ్చేది ఊరికి కాదు, దేశ ప్రభుత్వానికి. ఆర్థిక శాఖతో రుణ ఒప్పందం ఉంటుంది. దాన్ని మార్చడం కష్టమే. కానీ అందులో ఉండేది లక్ష్యం, ప్రధాన భాగాలు, ఏ భాగానికి ఎంత అన్నదే. ఏ ఊళ్లో ఏ పని అన్నది సాధారణంగా కింది కాగితాల్లో ఉంటుంది. ఒకటి ఆపరేషన్స్ మాన్యువల్ (ప్రాజెక్టును ఎలా నడపాలో రాసిన పుస్తకం), రెండోది వార్షిక ప్రణాళిక. వాటిని మార్చాలంటే ప్రాజెక్టు ఆఫీసు కారణం చూపిస్తూ బ్యాంకుకు ఉత్తరం రాస్తే, అక్కడి నుంచి "నో అబ్జెక్షన్" రావాలి. ఏటా జరిగే పనే ఇది. మా ఆఫీసులో అయితే ఆ ఉత్తరం రాస్తే ఖర్చు టార్గెట్ వెనకబడుతుందని భయపడి ఆగిపోయేవాళ్లు. మీరు వెళ్లిన చోట కూడా అదే భయం ఉండొచ్చు.

జాబితా ముందే ఎందుకు తయారవుతుందో కూడా చెబుతాను. బ్యాంకు బోర్డు ముందు పెట్టాలంటే ఖర్చు అంచనా, లాభం లెక్క చూపాలి. చెక్ డ్యాముకు లెక్క కట్టడం తేలిక. గేదెను అమ్ముకోకుండా ఆగిన ఇంటికి ఎంత మిగిలిందో ఎవరూ లెక్క కట్టి పెట్టలేదు. అందుకే మీ పెద్దావిడ చెప్పిన నాలుగేళ్ల మాటను అలాగే వదిలేయకండి. పది ఇళ్లలో అడిగి రాయండి. గేదెను ఎంతకు అమ్మారు, మళ్లీ ఎంతకు కొన్నారు, మధ్యలో పాల డబ్బు ఎంత పోయింది. పద్దులు రాసే చేయి మీది, మీకంటే బాగా ఎవరూ రాయలేరు.

ప్రాజెక్టు ప్రపంచ బ్యాంకుదైతే ఇంకో దారి ఉంది. 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న వాళ్ల పర్యావరణ, సామాజిక నియమాల ప్రకారం, ప్రజలను ఎప్పుడు ఎలా సంప్రదిస్తారో ఒక ప్రణాళిక రాసి బయటపెట్టాలి. ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు కూడా ఉండాలి. ఆ ప్రణాళిక కాపీ అడగండి. సంతకం పెట్టకపోవడం మంచి పని. ఇప్పటికీ పెట్టకండి.

మేత దారి

ఊళ్లు నిర్ణయించుకున్న చోటు అడిగారు కదా, కెన్యా చూడండి.

అక్కడి ఇసియోలో కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) బోరానా పశుపోషకులకు "దేధా" అనే పెద్దల సభ ఉంది. ఏ కాలంలో ఏ బీడులో మేపాలి, కరువుకు ఏ బీడు దాచి ఉంచాలి అన్నది వాళ్లే తేలుస్తారు. అక్కడ కౌంటీ వాతావరణ నిధిని ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు కొంత డబ్బు ఆ దేధాల పని బలపడటానికే పెట్టారు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపించింది. కట్టడం ఏదీ కనిపించదు, కానీ కరువులో పశువులను నిలబెట్టేది ఆ కట్టుబాటే.

ఆ కౌంటీ నిధి పద్ధతినే దేశమంతటికీ తీసుకెళ్లడానికి 2021లో ప్రపంచ బ్యాంకు 15 కోట్ల డాలర్లు ఆమోదించింది. ఆ కార్యక్రమాన్ని ఫ్లోకా అంటారు. అందులో డబ్బు కట్టడాల జాబితాకు ముడిపడి రాదు. కౌంటీ వాతావరణ నిధికి చట్టం చేసిందా, వార్డు కమిటీలు వేసిందా, తన బడ్జెట్‌లోంచి కొంత పెట్టిందా అని చూసి విడుదల చేస్తారు. ఏం చేయాలో కింద నుంచి వార్డు కమిటీలు ప్రతిపాదిస్తాయి. అన్ని కౌంటీల్లోనూ సాఫీగా సాగుతోందని అనను. కానీ అప్పు ఇచ్చే బ్యాంకు కూడా ఇలా ఇవ్వగలదు అనడానికి అది రుజువు.

ఆడిట్ బల్ల

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, ఒక్క మాట తప్ప. బ్యాంకు నియమాలన్నీ అడ్డంకులు కావు. ఇది అప్పు. రేపు తీర్చేది ప్రజల పన్నులే, అందులో మీ సంఘం సభ్యులవీ ఉంటాయి. లెక్క గట్టిగా ఉండాలి.

లెక్క కోసం జాబితా బిగించాల్సిన పని లేదు. ఇండోనేషియాలో 1998లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో మొదలైన కెచమాతాన్ (మన మండలం లాంటిది) డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్‌లో ఏం చేయకూడదో మాత్రం రాసిపెట్టారు, మిగతాది ఊళ్లకు వదిలేశారు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఊళ్లో బోర్డు మీద రాసేవారు.

మీ కంచె గురించి ఒక హెచ్చరిక. ఉమ్మడి భూమికి కంచె వేస్తే బయట ఎవరు మిగిలిపోతారు? సొంత పొలం లేక రెండు మేకలతో బతికేవాళ్లా? ఆ ప్రశ్న బ్యాంకు అడుగుతుంది, అడగాలి కూడా. అంతకంటే ముందు మీరే అడగండి.

పొదుపు పద్దు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

వార్షిక ప్రణాళిక కాపీ రాతపూర్వకంగా అడిగితే ఇచ్చారు. చివరి పేజీల్లో "ప్రజలు గుర్తించిన చిన్న పనులు" అని ఒక వరస ఉంది. ఎదురుగా డబ్బు అంకె వేసి ఉంది, పని పేరు రాయాల్సిన చోట ఖాళీ. ఆ పేజీ చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ మా కోసమే ఖాళీగా ఉంచిన గడి, మాకు ఎవరూ చూపించలేదు.

పద్నాలుగు ఇళ్ల లెక్క రాశాం. ఇక ఆడిట్ బల్ల గారి ప్రశ్న పట్టుకుని మళ్లీ సమావేశం పెట్టాం. మేకలవాళ్లు గట్టిగానే అడ్డుపడ్డారు, వాళ్లు అడిగినదాంట్లో న్యాయం ఉంది. సాయంత్రం దాకా మాట్లాడి, భూమి మొత్తానికి కాకుండా మూడో వంతుకే కంచె అనుకున్నాం. వానలు పడ్డాక నాలుగు నెలలు మూసి, తర్వాత అందరికీ తెరవాలి. మేకలవాళ్ల నుంచి ఇద్దరు కమిటీలో ఉంటారు. ఇదంతా రాసి ఉత్తరం ఇచ్చాం, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాం.

ఇప్పుడు ఒక సందేహం. డబ్బు వస్తే కమిటీ పేరు మీద విడిగా ఖాతా తెరవమంటున్నారు, కానీ చెక్కు మీద ప్రాజెక్టు ఆఫీసు సంతకం కూడా ఉండాలట. మా కమిటీలో ఇద్దరి సంతకాలతోనే నడిచేలా అడగవచ్చా? ఎవరైనా అలా అడిగి సాధించినవాళ్లు ఉంటే ఏమని రాశారో చెప్పండి, సోమవారం మళ్లీ వెళ్తున్నాం.