ఫోల్డింగ్ సైకిళ్లతో నెదర్లాండ్స్: కర్నూలు నుంచి ఇద్దరం వెళ్తున్నాం, సలహా కావాలి

కేసీ కాలువ గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా మే నెల సెలవుల్లో నెదర్లాండ్స్ వెళ్లాలని అనుకుంటున్నాం. బస్సులో కూర్చోబెట్టి ఊరూరా దింపి ఫోటోలు తీయించే ప్యాకేజీ టూర్ ఇద్దరికీ ఇష్టం లేదు. మా దగ్గర 20 అంగుళాల చక్రాల ఫోల్డింగ్ సైకిళ్లు ఉన్నాయి. పొద్దున్నే కేసీ కాలువ గట్టు మీద, ఆదివారాలు సుంకేసుల వైపు తొక్కుతుంటాం. నాలుగైదు గంటల్లో 30 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పోగలం. వీటిని విమానంలో మోసుకుపోవడం మేలా, అక్కడే అద్దెకు తీసుకోవడం మేలా? మేం శాకాహారులం. ఇంకో మాట, కుడివైపు తొక్కాలంటే మా ఆవిడకు చాలా టెన్షన్‌గా ఉంది. తొక్కి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పెన్నా రైడర్ (పొద్దుటూరు)

అన్నా, సైకిళ్ల దేశానికి సైకిల్ మోసుకుపోవడం ఎందుకు? అక్కడ ప్రతి ఊళ్లో అద్దెకు ఇస్తారు. లగేజీ బరువు మిగులుతుంది, ఎయిర్‌పోర్టులో తలనొప్పి ఉండదు. వీసా పని మాత్రం ముందే మొదలుపెట్టండి. షెంగెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

గాలిమరల సీమ (అనంతపురం)

అన్నా, నేను అనంతపురంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మేమిద్దరం ఫోల్డింగ్ సైకిళ్లతోనే ఆ దేశం తిరిగి వచ్చాం. పొద్దుటూరు తమ్ముడు చెప్పింది ఒక్క ఊళ్లోనే ఉండేవాళ్లకు సరిపోతుంది. మీరు దేశం చూడాలనుకుంటే మీ సైకిళ్లు మీరే తీసుకెళ్లండి. అక్కడి రైళ్ల కోసమే ఈ మాట చెబుతున్నాను.

అక్కడ మామూలు సైకిల్‌ను రైలెక్కించాలంటే దానికి వేరే టికెట్ కొనాలి. పనిరోజుల్లో రద్దీ వేళల్లో, అంటే ఉదయం 6.30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6.30 దాకా, అసలు ఎక్కనివ్వరు. మడిచిన సైకిల్‌ను మాత్రం చేతి సామానుగానే చూస్తారు. దానికి టికెట్ అక్కర్లేదు, ఏ రైలైనా ఏ వేళైనా ఎక్కొచ్చు. అద్దె సైకిల్ అయితే సాయంత్రానికి తెచ్చుకున్న చోటికే తిరిగి తొక్కాలి. మడత సైకిల్‌తో ఎక్కడ అలసిపోతే అక్కడ స్టేషన్ వెతుక్కుని మడిచి ఎక్కేస్తాం. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది కాబట్టి దిగిన రోజు నుంచే ఈ సౌకర్యం పనికొస్తుంది.

ఇక గాలి సంగతి. మా అనంతపురం వాళ్లకు గాలి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో కళ్యాణదుర్గం రోడ్డు మీద గాలికి ఎదురు తొక్కితే కాసేపటికే తొడలు మంటలు పుడతాయి. నెదర్లాండ్స్‌లో ఎక్కువ భాగం చదునైన నేల, సముద్రపు గాలికి అడ్డేమీ ఉండదు. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారనుకోండి. ఎదురుగాలి 20 ఉంటే మీ ఒంటికి తగిలే గాలి వేగం 35. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గాలి లేని రోజుతో పోలిస్తే అది అయిదు రెట్లకు మించిపోతుంది. క్లాసులో ఈ లెక్క బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను. దాన్ని కాళ్లతో చేసి చూడటం ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను.

అందుకే పొద్దున లేవగానే ఫోన్లో గాలి ఎటు నుంచి వస్తోందో చూసేవాళ్లం. అక్కడ ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. గాలి వచ్చే దిక్కున ఉన్న ఊరికి రైల్లో పోయి, అక్కడ సైకిళ్లు విప్పుకుని, గాలి వీపున పెట్టుకుని బసకు తొక్కేవాళ్లం. ద హేగ్ నుంచి లైడెన్ మీదుగా హార్లెమ్ దాకా సుమారు 50 కిలోమీటర్లు. నైరుతి గాలి ఉన్న రోజున మీలాంటివాళ్లకు అది సులువే. గాలి తిరగబడితే సగంలో లైడెన్‌లో రైలెక్కండి. ముందే వేసుకున్న ప్లాన్‌కు కట్టుబడి గాలితో పోట్లాడకండి అన్నా, ఇది మాత్రం నా విన్నపం.

దారి వెతుక్కునే బాధ కూడా లేదు. సైకిల్ దారులు కలిసే ముఖ్యమైన కూడళ్లకు నంబర్లు ఉంటాయి. పొద్దున్నే ఆ నంబర్లు వరుసగా కాగితం మీద రాసుకుని హ్యాండిల్‌కు అతికించుకుంటే చాలు, బోర్డులు చూసుకుంటూ పోవచ్చు. తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం అక్కడ 2019 నుంచి నేరం, జరిమానా వేస్తారు.

అక్కకు టెన్షన్ అన్నారు కదా, మొదటి రోజు ఆమ్‌స్టర్‌డామ్‌లో తొక్కొద్దు. ట్రాము పట్టాలు ఉంటాయి, మన చిన్న చక్రాలు ఆ సందుల్లో దిగబడే ప్రమాదం ఉంది. పట్టాలను ఎప్పుడూ అడ్డంగా దాటాలి, వాలుగా వద్దు. లైడెన్ లేదా డెల్ఫ్ట్‌లో మొదలుపెట్టండి. సైకిళ్లకు ఎర్రటి దారి చాలాచోట్ల వేరేగా ఉంటుంది కాబట్టి కుడివైపు అలవాటు పడటం అనుకున్నంత కష్టం కాదు. రోడ్డు మీద తెల్ల త్రిభుజాల వరుస మొనలు మీ వైపు చూపిస్తుంటే మీరే ఆగి దారివ్వాలి. ఇది ఇంట్లోనే కాగితం మీద గీసి అక్కకు చూపించండి.

కిండర్‌డైక్ తప్పక చూడండి. 19 పాత గాలిమరలు, 1740 ప్రాంతంలో కట్టినవే ఎక్కువ. 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. సముద్రమట్టం కంటే కింద ఉన్న నేలలో నీళ్లు నిలిచిపోకుండా తోడి నదిలోకి పంపడానికి కట్టారు. బోరుకు వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని ఊరి నుంచి వచ్చినదాన్ని నేను. నీళ్లను బయటికి తోడటానికి తరాలుగా ఇంత కష్టపడ్డారా అని అక్కడే గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఆయన పిలిచినా లేవలేదు.

తిండికి భయం లేదు. బొరుగులు, పప్పుల పొడి తీసుకెళ్లండి. నెయ్యి, కోవా, పాలపొడి వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడానికి యూరప్‌లో ఒప్పుకోరు. ద హేగ్‌లో సురినామీ హోటళ్లు (దక్షిణ అమెరికాలోని సురినామ్ దేశపు వంటలవి) చాలా ఉన్నాయి. 1873 నుంచి మన దేశపు కూలీలను డచ్చివాళ్లు సురినామ్ తోటలకు తీసుకుపోయారు. వాళ్ల సంతతిలో చాలామంది ఆ తర్వాత నెదర్లాండ్స్ చేరారు. మాంసం లేకుండా అడిగితే రొట్టె, ఆలుగడ్డ కూర, పొడుగు చిక్కుళ్ల వేపుడు పెడతారు. ఆకలి మీద ఉన్న మాకు అది పండగ భోజనమే.

కేసీ కాలువ గట్టు (కర్నూలు)

మేడమ్, చాలా థాంక్స్. మా ఆవిడకు చదివి వినిపించాను, త్రిభుజాల బొమ్మ ఆమే గీసుకుంది. ప్యాకింగ్ సంగతి కూడా చెప్పండి. 20 అంగుళాలవి పెద్ద సూట్‌కేసులో పట్టవేమో అని అనుమానం.

పెన్నా రైడర్ (పొద్దుటూరు)

రైలు విషయం నాకు తట్టలేదు అక్కా, మీరు చెప్పిందే సరైంది. అన్నా, ఎవరైనా బ్యాటరీ సైకిల్ తీసుకెళ్లమంటే మాత్రం వినకండి. 160 వాట్-అవర్ దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించుకోరు. ఆ సైకిళ్ల బ్యాటరీలు చాలావరకు దానికి మించే ఉంటాయి.

గాలిమరల సీమ (అనంతపురం)

ముందు మడిచి టేపుతో కొలవండి అన్నా. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు, బరువు 23 కిలోలు చాలా ఎయిర్‌లైన్స్ పెట్టే హద్దు. 16 అంగుళాల చక్రాలవి సాధారణంగా ఇందులో ఇముడుతాయి, మనవి కొంచెం దాటుతాయి. టికెట్ కొనకముందే కొలతలు ఎయిర్‌లైన్‌కు మెయిల్ చేసి, ఒప్పుకుంటామన్న జవాబును ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. కౌంటర్లో మాట్లాడేటప్పుడు ఆ కాగితం బలం వేరు.

సైకిల్ షాపులో అడిగితే అట్టపెట్టె ఇస్తారు. పెడల్స్ విప్పండి. ఎడమ పెడల్ మర తిరుగుడు వేరు, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. సీటు రాడ్ విడిగా తీసి పాత దుప్పటిలో చుట్టండి. గేరు వైపు పైకి వచ్చేలా పెట్టండి, అటు మెత్తగా బట్టలు కుక్కండి. టైర్లలో గాలి కొంత తీసేయండి. స్పానర్లు, మరమ్మతు సామాను చెకిన్ లగేజీలోనే పెట్టాలి, చేతి బ్యాగులో వద్దు. మీ సైజు ట్యూబులు రెండు, చిన్న పంపు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. దిగాక మడత దగ్గరి క్లాంపులు బిగిశాయో లేదో ఇద్దరూ ఒకరి సైకిల్ ఒకరు చూడండి, ఆ తర్వాతే ఎక్కండి.