ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇంత తేడా ఏంటి, బోర్డులో మా వైపు వాళ్ళు ఒక్కరూ లేరు

ప్రశ్న: అమెరికాలో ఉండే పేరెంట్స్ ఎవరైనా కాస్త చెప్పండి. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌ని, అంటే ఊళ్ళోని పబ్లిక్ స్కూళ్ళన్నిటినీ, నడిపే ఎన్నికైన బోర్డులో ఏడు సీట్లు, ఏడుగురూ ఊరికి ఉత్తరం వైపు వాళ్ళే. మా పాప స్కూల్ దక్షిణం వైపు, క్లాసులో సగానికి పైగా లాటినో, బ్లాక్ పిల్లలు, మనవాళ్ళు ఓ నలుగురు. వానొస్తే లైబ్రరీ సీలింగ్ కారుతుంది, కింద ఒక బకెట్, దాని మీద మార్కర్‌తో కదపొద్దు అని రాశారు, రెండేళ్ళుగా అదే బకెట్ అక్కడే ఉంది. మీటింగ్‌లో మూడు నిమిషాలిస్తే మాట్లాడా, థాంక్యూ అని పక్కోళ్ళని పిలిచారు.

రిప్లై 1: ముందు మీ దగ్గర ఎలక్షన్ ఎట్-లార్జ్ పద్ధతేమో కనుక్కోండి. అంటే ప్రతి సీటుకీ ఊరంతా ఓటేస్తుంది, 55 శాతం ఉన్నవాళ్ళు ఒకే మాట మీదుంటే ఏడు సీట్లూ వాళ్ళవే, మిగతా 45 శాతానికి సున్నా. న్యూయార్క్ రాష్ట్రం ఈస్ట్ రామాపోలో ఇదే గొడవ, పబ్లిక్ స్కూల్ పిల్లల్లో ఎక్కువమంది బ్లాక్, లాటినోలు, బోర్డులో మెజారిటీ మాత్రం ప్రైవేట్ స్కూళ్ళ వైపు వాళ్ళది. 2017లో కేసు వేశారు, 2020లో ఫెడరల్ జడ్జి ఈ ఎట్-లార్జ్ పద్ధతి ఓటింగ్ రైట్స్ యాక్ట్ సెక్షన్ 2కి (జాతి వల్ల ఎవరి ఓటు బలమూ తగ్గకూడదనే చట్టం) విరుద్ధం అన్నారు, 2021లో అప్పీల్ కోర్టు కూడా అదే ఖాయం చేసింది. తొమ్మిది సీట్లూ వార్డుల వారీగా మారాయి.

రిప్లై 2: సీట్లతోనే అంతా అయిపోదండి. డిస్ట్రిక్ట్‌కీ డిస్ట్రిక్ట్‌కీ మధ్య తేడా ప్రాపర్టీ టాక్స్ వల్ల, స్కూళ్ళ డబ్బులో కొంత అక్కడి ఆస్తి పన్ను నుంచే వస్తుంది కదా. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ వాళ్ళు 1967-68లో వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు కట్టినా పిల్లాడికి 26 డాలర్లే వచ్చాయి, పక్కనే డబ్బున్న అలామో హైట్స్ డిస్ట్రిక్ట్ వాళ్ళు 0.85 కడితే 333 వచ్చాయి, ఎక్కువ కట్టినోళ్ళకే తక్కువ! అయినా 1973లో సుప్రీంకోర్టు 5-4తో ఈ తేడా రాజ్యాంగానికి విరుద్ధం కాదంది, నాకిప్పటికీ మింగుడుపడదు. మీది ఒకే డిస్ట్రిక్ట్ కాబట్టి డబ్బు ఎటు పోవాలో తేల్చేది బోర్డే. 2015 ఫెడరల్ చట్టం ప్రకారం స్కూల్‌వారీగా ఒక్కో పిల్లాడి మీద ఎంత ఖర్చైందో రాష్ట్రం రిపోర్ట్ కార్డులో పెట్టాలి, ఆ నంబర్లు తీయండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి, ఎట్-లార్జే మాది. నేను హెచ్-1బీ, ఓటు లేదు, కానీ మాట్లాడొచ్చు కదా. పాప ఫ్రెండ్ వాళ్ళమ్మ సిటిజన్, ఆవిడ కూడా వస్తానన్నారు, ఈసారి ఆ నంబర్లూ బకెట్ ఫోటో రెండూ పట్టుకెళ్తున్నాం.